దారి లేని ఊరికి సుంకం మాఫీ: సామ్నౌన్‌లో మా స్కీ సెలవులు

మేం సామ్నౌన్ వెళ్ళొచ్చామని తెలియగానే జర్మనీలో మేం ఉండే మ్యూనిక్‌లో మనవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "ఏం కొన్నారు?" అని. ఆ ఊరికి అలాంటి పేరుంది మరి. స్విట్జర్లాండ్ మొత్తం మీద సుంకం లేని లోయ అదొక్కటే. సెంటు సీసాలు, వాచీలు, మద్యం, సిగరెట్లు, పెట్రోలు అన్నీ చవక. పనిగట్టుకుని షాపింగ్‌కే వచ్చేవాళ్ళు చాలామంది. మేం మాత్రం జనవరిలో స్కీయింగ్ కోసం వెళ్ళాం. కొన్నవాటి గురించి కూడా చెబుతాను, కానీ చివర్లో, కొంచెమే. ఎందుకంటే అక్కడ చూడాల్సింది షాపులు కావు. పొద్దున స్కీలు తొడుక్కుని కొండెక్కి ఒక దేశంలోకి జారి, సాయంత్రం ఇంకో కొండ మీంచి మళ్ళీ ఇవతలి దేశంలోకి దిగొచ్చే వీలు ఎన్ని ఊళ్ళలో ఉంటుంది?

వెళ్ళేముందు తాళ్ళరేవులో ఉన్న నాన్నకి వీడియో కాల్‌లో ఆ ఊరి సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే మన యానాం లాంటిదన్నమాటమ్మా" అన్నారు. సరిగ్గా అదే. మాది యానాం పక్కనే. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో ఇంకొకరి రాజ్యం. ఆ రోజుల్లో విదేశీ సరుకు కోసం జనం యానాం వెళ్ళేవారని తాతయ్య చెప్పేవారు. ఇప్పటికీ కాకినాడ నుంచి అమలాపురం వెళ్ళేవాళ్ళు యానాంలో బండి ఆపి ట్యాంకు నింపించుకుంటారు, పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి. గీత దాటితే ధర మారడం మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. అయితే యానాంలో ఆ తేడా పాలించినవాళ్ళు వేరు కావడం వల్ల వచ్చింది. సామ్నౌన్‌లో కారణం పూర్తిగా వేరు. అది తెలిశాక ఆ ఊరంటే నాకు గౌరవం పెరిగింది.

మ్యాప్ తీసి చూస్తే అర్థమవుతుంది. సామ్నౌన్ లోయ స్విట్జర్లాండ్ తూర్పు కొసన, గ్రౌబ్యుండన్ రాష్ట్రంలో ఉంది. మూడు పక్కలా కొండలే. తెరుచుకునే ఒక్క వైపూ ఆస్ట్రియాకి. లోయలోంచి పారే ఏరు కిందికి దిగి ఇన్ నదిలో కలుస్తుంది. ఆ దిగే చోట కొండ నిలువునా కోసినట్టుంటుంది కాబట్టి స్విస్ వైపు నుంచి బండి దారి వేయడం పాతరోజుల్లో కుదరలేదు. ఉప్పు దగ్గర్నుంచి మేకుల దాకా ఏది కావాలన్నా ఆస్ట్రియా నేల మీదుగా తెచ్చుకోవాల్సిందే. ఉండేది స్విట్జర్లాండ్‌లో, బతుకంతా ఆస్ట్రియా దారి మీద. పైగా దానిమీద సుంకాల గొడవ. 1892లో స్విస్ ప్రభుత్వం ఆ లోయని తన కస్టమ్స్ హద్దు లోంచి తీసేసింది. అంటే డ్యూటీ ఫ్రీ అన్నది పర్యాటకుల్ని రప్పించడానికి పెట్టింది కాదు. దారి వేయలేకపోయాం, కనీసం సుంకమైనా అడగం అని ఊరివాళ్ళకి ఇచ్చిన పరిహారం అది. తర్వాత సుమారు ఇరవై ఏళ్ళకి కింద ఇన్ లోయలోని వినాడి దగ్గర నుంచి రాతిని తొలిచి, సొరంగాలు పెట్టి, స్విస్ నేల మీదుగానే ఒక ఇరుకు రోడ్డు వేశారు. రోడ్డు వచ్చింది కదా అని మాఫీ మాత్రం తీసెయ్యలేదు. ఈనాటికీ ఉంది.

నాకీ నిర్ణయం చాలా మంచిదనిపిస్తుంది. కొండల్లో ఇలాంటి ఊళ్ళు ఎన్నో ఖాళీ అయిపోయాయి. ఇక్కడ ఎనిమిది వందల మందికి అటూ ఇటూగా జనం ఇంకా ఉన్నారు. బడి ఉంది, ఆవులున్నాయి, పొద్దున్నే పాల వాసన వేసే పశువుల పాకలున్నాయి. ఆ పాక పక్కనే వాచీల షాపు.

ఆస్ట్రియా దారి మీద బతకడం వల్ల వాళ్ళ మాట కూడా మారిపోయింది. కింద ఎంగడీన్ లోయలో రొమాంష్ మాట్లాడతారు, సామ్నౌన్‌లో కూడా ఒకప్పుడు అదే ఉండేది. 19వ శతాబ్దంలో మెల్లగా పోయింది. ఇప్పుడు వాళ్ళు మాట్లాడేది ఆస్ట్రియాలోని టిరోల్ యాస జర్మన్. స్విట్జర్లాండ్‌లో ఇంకెక్కడా ఈ యాస లేదు. ఊళ్ళ పేర్లలో మాత్రం పాత భాష నిలిచిపోయింది: కంపాచ్, లారెట్, ప్లాన్, రవైష్. వీటికి సామ్నౌన్ డోర్ఫ్ కలిపితే ఐదు చిన్న ఊళ్ళు. దీనికి దగ్గరి యాసే వినబడే బవేరియాలో (మ్యూనిక్ ఉన్న రాష్ట్రం) ఉంటున్న మాకు జ్యూరిక్‌లో దుకాణంవాళ్ళ మాట తలకెక్కదు కానీ ఇక్కడ ఇంటావిడ మాట ఒక్క ముక్క కూడా పోలేదు.

మ్యూనిక్ నుంచి దారి చెబుతాను, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. గార్మిష్, ఫెర్న్‌పాస్, ఇమ్స్ట్, లాండెక్, అక్కడి నుంచి ఇన్ నది వెంట ప్ఫుండ్స్. ప్ఫుండ్స్ దాటాక కుడికి తిరిగి ష్పిస్ అనే ఊరి మీదుగా కొండెక్కాలి. శనివారం రోజు గదులు మారే రోజు కాబట్టి ఫెర్న్‌పాస్ దగ్గర కార్లు బారులు తీరతాయి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితేనే నయం. మేం అలాగే బయల్దేరాం. పులిహోర పొట్లాలు ముందురోజు రాత్రే కట్టి పెట్టుకున్నాను. స్టుట్‌గార్ట్ నుంచి మా తమ్ముడు రాత్రికే మా ఇంటికొచ్చేశాడు. మా ఆయన డ్రైవింగు, తమ్ముడు పక్క సీట్లో, నేనూ మా వాడూ వెనక. ష్పిస్ దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్క మంచు గోడ కారు కిటికీ కంటే ఎత్తుగా ఉంది. "బావా, సెకండ్ గేరులోనే పోనీ, బ్రేకు తొక్కకు" అని తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. చలికాలం టైర్లు లేకుండా ఆ దారి తలపెట్టొద్దు.

లారెట్‌లో వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంటు తీసుకున్నాం. స్విట్జర్లాండ్‌లో వారం రోజులు హోటల్ తిండి తినాలంటే చేతి చమురు బాగా వదులుతుంది. అందుకే బియ్యం, కందిపప్పు, కారప్పొడి, ఆవకాయ, రైస్ కుక్కరు అన్నీ కార్లో వేసుకున్నాం. ఇక్కడొక సంగతి. ఊరు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకు మీదే ఉంటుంది. పెసరపప్పైతే ఫరవాలేదు. కందిపప్పే కావాలంటే చిన్న ప్రెషర్ కుక్కరు పట్టుకెళ్ళండి, డిక్కీలో అంత చోటు తప్పకుండా దొరుకుతుంది. మేం మా మూడు లీటర్ల కుక్కరు తీసుకెళ్ళాం. సాయంత్రం అలసిపోయి వచ్చాక విజిల్ వినబడితే అందరికీ ప్రాణం లేచొచ్చేది.

ఇక స్కీయింగ్. మనలో చాలామందికి మంచు అంటే స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రౌ కొండెక్కి ఫోటో దిగి, కాస్త విసురుకుని, టీ తాగి దిగిపోవడమే. దానికే మనిషికి ఎంతవుతుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. దానికి బదులు ఒక రోజు స్కీ టీచర్‌ని పెట్టుకోండని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. వయసు అడ్డం కాదు. నేను నలభైకి దగ్గర పడ్డాక మొదలుపెట్టాను. తాళ్ళరేవులో చలికాలమంటే పల్చటి దుప్పటి కప్పుకునే కాలం. అలాంటిచోట పుట్టినదానికి కాళ్ళ కింద నేల జారిపోతుంటే, ఆ జారడాన్ని నేనే నడిపిస్తున్నానని తెలిసిన క్షణం మాటల్లో పట్టదు. నాకా సంతోషం దొరికింది, ఇంకొకరికీ దొరకాలని నా ఆశ. ఇంత పొడుగు పోస్టు రాస్తున్నది అందుకే.

మొదలుపెట్టేవాళ్ళు ముందు బూటు గురించి తెలుసుకోవాలి. అద్దె షాపులో మీ బరువు, ఎత్తు, వయసు, స్కీయింగ్ ఎంత వచ్చో అడుగుతారు. ఏ ఒక్కటీ తగ్గించో పెంచో చెప్పొద్దు. ఆ లెక్క ప్రకారమే స్కీకి బూటు పట్టుకునే బిగింపు ఎంత ఉండాలో స్క్రూడ్రైవర్‌తో తిప్పి పెడతారు. పడినప్పుడు స్కీ ఊడిపోవాలి, ఊడకపోతే మోకాలు తిరిగిపోతుంది. మామూలుగా తిరిగేటప్పుడు మాత్రం ఊడకూడదు. ఇక బూటు లోపల ఒక్క జత పల్చటి పొడుగు మేజోళ్ళే. చలి వేస్తుందని రెండు జతలు వేసుకుంటే ముడతలు పడి, రక్తం ఆడక, పాదం ఇంకా చల్లబడుతుంది. నిలువుగా నుంచుంటే వేళ్ళు ముందు అంచుకి తగలాలి. మోకాళ్ళు ముందుకి వంచగానే మడమ వెనక్కి సర్దుకుని వేళ్ళు వదులవ్వాలి. కాలి ముందు ఎముక బూటు నాలుకకి ఆనుకుని ఉండాలి, రోజంతా. స్కీ తిరిగేది ఆ ఒత్తిడితోనే. భయం వేసినప్పుడు ఒళ్ళు తనంతట తానే వెనక్కి వాలుతుంది, వాలగానే స్కీలు మాట వినవు. కిందికి పోతున్నకొద్దీ ముందుకే వంగాలి. ఈ ఒక్క విషయం ఒంటికి పట్టిందంటే సగం వచ్చినట్టే.

మా ఆయనకి ఇదే మొదలు. ఆయన్నీ, మా వాడినీ ఆల్ప్ ట్రిడాలో టీచర్లకి అప్పగించాం. ఆల్ప్ ట్రిడా అంటే సామ్నౌన్ పైన 2,263 మీటర్ల ఎత్తున ఉన్న వెడల్పాటి గిన్నె. కొత్తవాళ్ళకి అంతకంటే మంచి చోటు నేనింకా చూళ్ళేదు. పొద్దున్నుంచి ఎండ, వాలు తక్కువ, చుట్టూ ఖాళీ. అక్కడికి రవైష్ నుంచి రెండంతస్తుల కేబుల్ కార్ ఉంది. 1995లో మొదలైంది. ప్రపంచంలో ఇలాంటిది ఇదే మొదటిదని ఊరివాళ్ళు గర్వంగా చెబుతారు. ఒక్కసారికి 180 మందిని మోస్తుంది. మా వాడికి పై అంతస్తే కావాలి, రోజూ దానికోసం పరుగే. పిల్లలకి ముందు స్కీల ముందు కొసలు దగ్గరపెట్టి, వెనక వెడల్పు చేసి ఆగడం నేర్పుతారు. దాన్ని పిజ్జా అంటారు. మూడో రోజుకి మా వాడు "అమ్మా, నీ పిజ్జా ఇంకా వెడల్పు చెయ్యి" అని నాకు చెప్పే స్థాయికొచ్చాడు. పిల్లలకి నేల దగ్గర కదా, పడినా లేచేస్తారు. మా ఆయన సాయంత్రానికి ఒళ్ళు హూనమై వచ్చేవారు కానీ మర్నాడు పొద్దున అందరికంటే ముందు బూట్లు తొడుక్కుని నుంచునేవారు. వారం చివరికి నీలం రంగు బోర్డున్న వాలు మీద, అంటే తేలికైనవాటి మీద, ఎవరి సాయం లేకుండా దిగారు.

నేనూ తమ్ముడూ మాత్రం సరిహద్దు దాటడం మీదే ఉన్నాం. సామ్నౌన్‌కి ఉత్తరాన కొండ వెన్ను ఉంది, దాని అవతల ఆస్ట్రియాలోని పాత్స్‌నౌన్ లోయ, అందులో ఇష్‌గ్ల్. రెండు ఊళ్ళ స్కీ వాలుల్నీ కలిపి ఒకటే పాస్ ఇస్తారు. మొత్తం 239 కిలోమీటర్లు. ఆల్ప్ ట్రిడా నుంచి కుర్చీ లిఫ్ట్ ఎక్కితే 2,700 మీటర్ల పైన ఆ వెన్ను మీద దింపుతుంది. అక్కడ గోడ లేదు, గేటు లేదు. మంచులో పాతిన ఒక బోర్డు. ఇక్కడి నుంచి ఆస్ట్రియా అనీ, సుంకం ఉన్న సరుకు నిబంధనలు వర్తిస్తాయనీ రాసి ఉంది. రెండు దేశాలూ షెంగెన్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి వీసా గొడవ లేదు. అయినా మాలాంటివాళ్ళం జర్మనీ రెసిడెన్స్ కార్డూ, పాస్‌పోర్టూ లోపలి జేబులో జిప్పు వేసి పెట్టుకోవడం మంచిది. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది కానీ యూరోపియన్ యూనియన్ కస్టమ్స్‌లో లేదు. మనిషిని ఆపకపోయినా బ్యాగుని ఆపే హక్కు వాళ్ళకుంది. ఆ గీత మీద నుంచుని కింద చూస్తే ఒకవైపు ఎండలో ఆల్ప్ ట్రిడా, ఇంకోవైపు నీడలో ఇష్‌గ్ల్ వాళ్ళ ఇడాల్ప్. ఫోన్ ఒక నిమిషం స్విస్ నెట్‌వర్క్, ఒక నిమిషం ఆస్ట్రియా. జర్మన్ సిమ్ ప్లాన్లలో కొన్నిట్లో స్విట్జర్లాండ్ ఉండదు, వెళ్ళేముందు చూసుకోండి, లేకపోతే బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది.

ఈ వెన్ను దాటింది స్కీలవాళ్ళే కాదు. సుంకం లేని ఊరు ఇవతల, సుంకం ఉన్న దేశం అవతల, మధ్యలో చీకట్లో దాటగలిగిన కనుమ ఉంటే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాఫీ, పొగాకు, సాకరిన్, యుద్ధం తర్వాత నైలాన్ మేజోళ్ళు ఇటునుంచి వీపు మీద మోసుకుపోయేవారు. అటునుంచి వెన్న, తోళ్ళు వచ్చేవి. రెండు వైపులా పేద ఊళ్ళే. చలికాలంలో చేతికి పని ఉండదు. నేను తప్పని అనలేను. మంచు కూలితే మనిషి వసంతం దాకా దొరకడు, కస్టమ్స్‌వాడు చూస్తే సరుకంతా పోతుంది. ఇవన్నీ తెలిసే ఆ కనుమలెక్కారు. ఇప్పుడు అదే దారుల పేరుతో దొంగసరుకువాళ్ళ చుట్టు అని ఒక స్కీ రూటు పెట్టారు, కష్టాన్ని బట్టి మూడు స్థాయిలు. మేం తేలికైనది పూర్తిచేశాం. మంచి బూట్లు, లిఫ్టులు, వేడి సూపు ఉండి కూడా సాయంత్రానికి నా కాళ్ళు పీకేశాయి. ఇవేమీ లేకుండా బస్తా మోసినవాళ్ళ గురించి ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇష్‌గ్ల్ వైపు నాకు అంతగా నచ్చలేదు. లిఫ్టులు గొప్పగా ఉన్నాయి, మాట లేదు. కానీ మధ్యాహ్నం నుంచే పాటల హోరు, తాగుడు, కిక్కిరిసిన వాలులు. తాగి స్కీ తొడుక్కునేవాళ్ళంటే నాకు నిజంగా భయం. స్కీయింగ్‌కి అంతర్జాతీయ నియమాలు పది ఉన్నాయి. అందులో ఒకటి అందరూ కంఠతా పట్టాలి: ముందు పోతున్నవాళ్ళదే హక్కు, వెనకొచ్చేవాళ్ళే తప్పుకోవాలి. అందుకే వాలు మధ్యలో ఉన్నట్టుండి ఆగకూడదు, పక్కకి పోయి, పైనుంచి వచ్చేవాళ్ళకి కనబడేచోట ఆగాలి. హెల్మెట్ పెద్దవాళ్ళకి కూడా తప్పదని మా ఇంట్లో నియమం. ఇంకోటి, బీమా. ఆస్ట్రియా కొండ మీద కాలు విరిగి హెలికాప్టర్ వస్తే ఆ ఖర్చు జర్మనీలో మన మామూలు ఆరోగ్య బీమా సాధారణంగా ఇవ్వదు. వేల యూరోలు. పర్వతారోహణ క్లబ్బు సభ్యత్వం కానీ, విడిగా స్కీ బీమా కానీ తీసుకుని వెళ్ళండి.

తిరిగొచ్చే దారి గురించి చెప్పాలి. అది లేకపోతే ఈ ఊరి గురించి చెప్పినట్టే కాదు. ఇష్‌గ్ల్ వైపు 2,864 మీటర్ల ఎత్తున పాలిన్‌కోఫ్ అని ఒక శిఖరం ఉంది. అక్కడి నుంచి 80వ నంబరు దారి సామ్నౌన్ డోర్ఫ్ దాకా దిగుతుంది. వెయ్యి మీటర్ల పైచిలుకు దిగుడు. అందరూ దాన్ని డ్యూటీ ఫ్రీ రన్ అంటారు. మేం దిగిన రోజు మబ్బు కమ్మింది. మంచు, ఆకాశం ఒకే రంగులోకి వచ్చేస్తే వాలు కనబడదు. మిట్ట ఉందో పల్లం ఉందో కాళ్ళకి తెలియాల్సిందే తప్ప కళ్ళకి తెలియదు. నుంచున్నానో కదులుతున్నానో కూడా ఒకోసారి తెలియలేదు, కడుపులో తిప్పింది. తమ్ముడు ఇరవై అడుగుల ముందు ఎర్ర జాకెట్‌తో. "అక్కా, నా జాకెట్ తప్ప ఇంకేం చూడకు, నేను తిరిగినచోటే తిరుగు" అన్నాడు. మడమలు కాదు, ముందు ఎముక మీద బరువు, అని నాకు నేనే చెప్పుకుంటూ దిగాను. పక్కన పాతిన కర్రలు ఒకటొకటే మబ్బులోంచి బయటికొచ్చేవి. సగం దూరం దిగాక మబ్బు పైనుండిపోయింది. ఒక్కసారి లోయంతా కనిపించింది, పక్కన ఏరు, మంచు కప్పిన దేవదారులు, చాలా కింద చర్చి గోపురం. చుట్టూ ఒక్క లిఫ్టు లేదు, ఒక్క పాట లేదు. తమ్ముడు ఆగి చేతిలోని స్కీ కర్రల మీద వాలి నుంచున్నాడు. నేనూ అలాగే. చివర్లో చదునుగా ఉన్నచోట కర్రలతో తోసుకుంటూ ఊళ్ళోకొచ్చి, స్కీ బస్సెక్కి లారెట్ చేరాం.

ఒక జాగ్రత్త. ఇష్‌గ్ల్ నుంచి వెనక్కొచ్చే ఆఖరి లిఫ్టు టైము పొద్దునే ఫోన్‌లో పెట్టుకోవాలి. అది తప్పితే లాండెక్ చుట్టూ తిరిగి టాక్సీలో గంటకు పైనే ప్రయాణం. మంచు కూలే ప్రమాదం ఉంటే 80వ దారి మూసేస్తారు, అది కూడా పొద్దునే చూసుకోవాలి. రాత్రి బాగా మంచు పడితే తెల్లారేసరికి కొండల్లో పేలుళ్ళు వినిపిస్తాయి. వాలుల మీద పేరుకున్న మంచుని జనం రాకముందే కూల్చేస్తారన్నమాట. మొదటిసారి విని మా వాడు బెదిరిపోయాడు. బెదరాల్సిన విషయమే. 1999 ఫిబ్రవరి 23న అదే పాత్స్‌నౌన్ లోయలో గాల్ట్యూర్ ఊరి మీద మంచు కూలి 31 మంది పోయారు, మర్నాడు పక్కనే వాల్ట్సూర్‌లో మరో ఏడుగురు. కట్టిన దారి వదిలి పక్క మంచులోకి పోవద్దంటే పోవద్దు. లోతు మంచు చూసి మనసు లాగుతుంది, నాకూ లాగింది. దానికి గైడు, మంచులో కూరుకున్నవాళ్ళని కనిపెట్టే బీపరు, పార, శిక్షణ అన్నీ కావాలి.

తిండి సంగతి. కొండమీద హోటళ్ళలో శాకాహారులకి ఇబ్బందేమీ లేదు. గ్రౌబ్యుండన్ బార్లీ సూపు చాలా బాగుంటుంది కానీ మామూలుగా అందులో ఎండు మాంసం ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోండి. ఆస్ట్రియా వైపు కైజర్‌ష్మార్న్ అని, మందపాటి అట్టుని ముక్కలు చేసి, చక్కెర పొడి చల్లి, ప్లమ్ పండ్ల గుజ్జుతో ఇస్తారు. ఇద్దరికి ఒకటి చాలు. ఎంగడీన్ అక్రోటు కేకు ఒకటి మాత్రం ఇంటికి కూడా తెచ్చుకున్నాం. సామ్నౌన్‌లో ఫ్రాంకులూ యూరోలూ రెండూ తీసుకుంటారు.

సరే, ఏం కొన్నామంటే. అత్తగారికి ఒక సెంటు సీసా, మా వాడికి స్కీ కళ్ళద్దాలు, చాక్లెట్లు, ఫుల్ ట్యాంకు. అంతే. ఆస్ట్రియాలోకి, అంటే యూరోపియన్ యూనియన్‌లోకి, రోడ్డు మీద తెచ్చుకునే సరుక్కి మనిషికి 300 యూరోల దాకా సుంకం లేదు. 15 ఏళ్ళలోపు పిల్లలకి 150. మద్యానికి విడిగా పరిమితి ఉంది, గాఢమైనదైతే పెద్దవాళ్ళకి మనిషికి ఒక లీటరు. చాలామందికి తెలియని విషయం, ఒకే వస్తువు విలువని ఇద్దరి మధ్య పంచడానికి వీల్లేదు. 500 యూరోల వాచీ కొని భార్యాభర్తలకి కలిపి 600 ఉంది కదా అంటే కుదరదు. మొత్తం మీద కట్టాల్సిందే. జ్యూరిక్ నుంచి వచ్చేవాళ్ళు కూడా జాగ్రత్త. సామ్నౌన్ స్విట్జర్లాండే అయినా స్విస్ కస్టమ్స్ బయట ఉంది కాబట్టి కిందికి దిగేటప్పుడు మీకూ పరిమితి ఉంది. 2025 జనవరి నుంచి అది 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గింది. బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టుకుని ముందు సీట్లోనే ఉంచండి. మమ్మల్ని తిరుగు దారిలో ఆపారు. ఆఫీసరు బిల్లులు చూసి, కుక్కరు పెట్టె విప్పమని, అందులో కారప్పొడి డబ్బా వాసన చూసి, నవ్వి పొమ్మన్నారు.

వచ్చే చలికాలం లివీన్యో వెళ్దామని అనుకుంటున్నాం. అది ఇటలీలో, 1,816 మీటర్ల ఎత్తున, స్విస్ సరిహద్దు పక్కనే ఉన్న ఇంకో డ్యూటీ ఫ్రీ ఊరు. 2026 వింటర్ ఒలింపిక్స్‌లో స్నోబోర్డు, ఫ్రీస్టైల్ స్కీయింగ్ పోటీల వేదిక అదే. చలికాలంలో స్విట్జర్లాండ్ నుంచి అక్కడికి చేరాలంటే ఒకటే దారి, డ్యామ్ కట్టేటప్పుడు తవ్విన మూడు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం. ఒక్క కారు పట్టేంత వెడల్పు, కాసేపు అటువాళ్ళు, కాసేపు ఇటువాళ్ళు. తమ్ముడు ఆ సొరంగం టైములన్నీ అప్పుడే చూసి పెట్టాడు. స్కూలు సెలవుల వారం తప్పించి జనవరి మధ్యలో వెళ్తే గదులు చవక, వాలులు ఖాళీ. ఈసారి తాళ్ళరేవు నుంచి నాన్ననీ అమ్మనీ కూడా రప్పించి, వాళ్ళకి మంచు మీద నడిచే వెడల్పాటి చెప్పులు అద్దెకి తీసుకోవాలని మా ప్లాను.